క్యాంబర్ నాకు మారతహళ్లిలో అర్థమైంది

ఏఎంవిఐ (అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) పరీక్షకు చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆటోమొబైల్ పేపర్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్ దాకా చాలామందికి ఇబ్బంది ఉండదు. స్టీరింగ్ జామెట్రీ (ముందు చక్రాల వాలు కోణాల లెక్క) దగ్గరకొచ్చేసరికి బండి ఆగుతుంది. చక్రం పైభాగం బయటికి వాలితే పాజిటివ్ క్యాంబర్, లోపలికి వాలితే నెగటివ్. స్టీరింగ్ యాక్సిస్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది, పైభాగం వెనక్కి వాలితే పాజిటివ్ క్యాస్టర్. ఇవి పొద్దున బట్టీపట్టి, సాయంత్రానికి తారుమారు చేసేవాణ్ని.

నా చిక్కు విడదీసింది మా రూమ్మేట్ కారు. బెంగళూరు మారతహళ్లిలో ఇద్దరం ఒకే పీజీ, వాడిదీ మా అనంతపురమే. పాత హ్యాచ్‌బ్యాక్ కొని, జేసీ రోడ్డులో తెచ్చిన పొట్టి స్ప్రింగులు వేయించి కిందికి దించాడు. వెడల్పు అల్లాయ్ చక్రాలు కూడా. హంపు వస్తే చాలు, మమ్మల్ని దించేసి తానొక్కడే మెల్లగా దాటించేవాడు. కొన్నాళ్లకు ముందు టైర్ల లోపలి అంచు నున్నగా అరిగింది, కారు కుడికి లాగడం మొదలైంది. అలైన్‌మెంట్ షాపులో చూసి ఎడమ స్ట్రట్ (స్ప్రింగును, చక్రాన్ని పట్టుకునే షాక్ అబ్జార్బర్ కాలు) వంగింది, మార్చాల్సిందే అన్నారు.

ఆ రాత్రి అలైన్‌మెంట్ ప్రింటు ముందేసుకుని కూర్చున్నాను. ఎడమ క్యాంబర్ మైనస్ 1°54′ (′ అంటే నిమిషాలు, డిగ్రీకి 60), కింగ్‌పిన్ ఇంక్లినేషన్, అంటే ముందు నుంచి చూస్తే స్టీరింగ్ యాక్సిస్ పైభాగం లోపలికి వాలిన కోణం, 14°30′. కుడి క్యాంబర్ మైనస్ 1°06′, ఇంక్లినేషన్ 13°42′. క్యాంబర్, ఇంక్లినేషన్ కలిపితే వచ్చేదే ఇన్‌క్లూడెడ్ యాంగిల్, మన పుస్తకాల్లో కంబైన్డ్ యాంగిల్ అని కూడా ఉంటుంది. ప్లస్, మైనస్ గుర్తులతో సహా కూడి చూడండి. రెండు వైపులా 12°36′!

స్ట్రట్ గానీ, చక్రం బిగించే నకుల్ గానీ వంగి ఉంటే ఆ మొత్తం ఒకవైపు మారిపోవాలి. మారలేదంటే పార్టులు బాగానే ఉన్నాయి, అవి బిగించిన చోటే జరిగింది. మర్నాడు వేరే మెకానిక్ దగ్గర చూపిస్తే, క్రాస్ మెంబర్ (ముందు సస్పెన్షన్ కింది భాగాలు బిగించే అడ్డ ఫ్రేమ్) కాస్త ఎడమకు జరిగి ఉంది. బోల్టులు వదులు చేసి మధ్యకు తెస్తే రెండు వైపులా మైనస్ 1°30′ దగ్గరికి వచ్చింది. కొత్త స్ట్రట్ ఖర్చు తప్పింది.

అప్పటినుంచి నేను నిర్వచనాలు చదవలేదు, 'ఏది జరిగితే ఏది మారుతుంది' అని మాత్రమే ప్రశ్న వేసుకున్నాను. కారు దించితే క్యాంబర్ నెగటివ్ వైపు, ఇంక్లినేషన్ ఎక్కువ వైపు వెళ్తాయి, మొత్తం దాదాపు అంతే. స్ట్రట్ పైకొసను బిగించే క్యాంబర్ ప్లేటు జరిపినా అంతే. నకుల్ దగ్గర క్యాంబర్ బోల్టు వేస్తే మాత్రం మొత్తమే మారుతుంది. అల్లాయ్స్ ఆఫ్‌సెట్ (చక్రం మధ్య గీత నుంచి బిగించే ముఖం దాకా దూరం) 45 నుంచి 35 మి.మీ.కి తగ్గితే చక్రం 10 మి.మీ. బయటికి వస్తుంది, స్క్రబ్ రేడియస్ (నేల మీద స్టీరింగ్ యాక్సిస్ తాకే చోటికీ టైరు మధ్యకూ ఉన్న దూరం) ఆ మేరకు పాజిటివ్ వైపు జరుగుతుంది.

టైరు లోపల అరిగితే అందరూ క్యాంబర్‌నే తిడతారు. నా లెక్కలో ఎక్కువ తినేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. చక్రాన్ని తిప్పే టై రాడ్, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఒకే ఆర్క్‌లో తిరగవు కాబట్టి కారు దించగానే టో కూడా కదులుతుంది. ట్రెడ్ మీద అడ్డంగా అరచెయ్యి రాయండి. ఒకవైపు నున్నగా పోయి, వెనక్కి లాగితే రంపంలా తగిలితే అది టో. అందుకే సెట్టింగ్‌లో క్యాస్టర్, క్యాంబర్ అయ్యాక చివర్లో టో. ఈ వరుస మీద బిట్ వస్తుంది.

ఇంకొకటి, 1°30′ అంటే 1.5 డిగ్రీలు, 1.3 కాదు. మాక్ టెస్టులో నేను దీనికే మార్కు పోగొట్టుకున్నాను. టెన్షన్‌లో చెయ్యి అలా వెళ్లిపోతుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఈ కారు వల్లే గుర్తుండిపోయింది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వాడికి చదివి వినిపించాను. స్ప్రింగులు మాత్రం తీయలేదు. నాకు పోస్టు వచ్చాక కొడికొండ చెక్‌పోస్టు దాటి మన ఆంధ్రలోకి వస్తే మొదటి చలానా నీకేరా అన్నాను. ముందు పరీక్ష పాసవ్వమన్నాడు.