ఇసుక కనిపిస్తే బండి ఆపాల్సిందే

పోయిన నెల హన్మకొండలో ఒక సందులో డ్రైనేజీ పైపు పని పట్టాను. పొద్దున ఏడింటికల్లా జేసీబీ దిగింది. మూలింటాయన గేటు దగ్గరికొచ్చి, "ఇరవై ఏళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నా, కిందేం లేవు, తవ్వుకోండి" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసింది అంతే. అందుకే ఎవరేం చెప్పినా, బకెట్ దిగే చోట మట్టిని చూస్తూ ఒక మనిషి నిలబడాలంటాను. ఆపరేటర్‌కు సీట్లోంచి గుంత అడుగు కనిపించదు.

రెండడుగుల దాకా మొరమే వచ్చింది. తర్వాత బకెట్ పళ్ల సందులోంచి సన్నటి ఇసుక జారింది. మొరంలో వాగు ఇసుక ఎక్కడిది? "ఆపు తమ్మీ!" అని అరిచాను. "ఇంకో రెండు బకెట్లే అన్నా" అన్నాడు. ఇంజిన్ ఆపించి నేనే గుంతలోకి దిగాను.

పారను పడుకోబెట్టి పైపైన గీకితే ఇటుకలు వరసగా బయటపడ్డాయి. కేబుల్ కింద, పైన ఇసుక పోసి, మీద ఇటుకలు పరుస్తారు. ఒక్క ఇటుక పక్కకు జరిపాను. మణికట్టంత లావు నల్ల కేబుల్. 11 కేవీది, అంటే పదకొండు వేల వోల్టులది.

11 కేవీ కేబుల్ 90 సెంటీమీటర్ల లోతున ఉండాలని ఇండియన్ స్టాండర్డ్. కానీ వేశాక రోడ్డు గీకుతారు, కాలువ తీస్తారు, పైన మట్టి తగ్గిపోతుంది. పుస్తకంలో లోతును నమ్మి బకెట్ దింపకూడదు.

గడ్డపారను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఆరేళ్ల కింద వేరే పనిలో మా కూలీ ఒకడు గడ్డపారతో కేబుల్‌ను పొడిచాడు. బతికాడు గానీ, కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడవలేడు. వాడు టీ గ్లాసు పట్టుకునే తీరు చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది.

లైన్‌మేన్‌కు ఫోన్ చేశాం. ఆయన వచ్చి, ఎల్సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకోమనే అనుమతి) తీసుకుని, సప్లై లేదని చూపించాకే మళ్లీ పార పట్టాం. సగం రోజు పోయింది, బండి కిరాయి మీద పడింది. పడనీ.

ఇప్పుడు తవ్వే ముందే సమాచారం ఇవ్వడానికి కాల్ బిఫోర్ యూ డిగ్ అనే యాప్ ఉంది. 2023 మార్చిలో కేంద్రం తెచ్చింది. ఎక్కడ తవ్వుతున్నామో అందులో పెడితే కింద లైన్లున్న వాళ్లకు కబురు వెళ్తుంది. పెట్టండి. పెట్టాక కూడా మొదట చేత్తో చిన్న గుంత తీసి చూసుకోండి. గ్యాస్ పైపుకు గీత పడినా సరే, మట్టి కప్పేసి వెళ్లిపోకండి, వాళ్లకు చెప్పండి. వాసన వస్తే ఇంజిన్ ఆపి అందరూ దూరం జరగాలి, ఫోన్ కూడా దూరం పోయాకే.

సాయంత్రం ఇసుక మళ్లీ పోసి, ఇటుకలు పేర్చి, పైన ఎర్ర టేపు పరిచి పూడ్చాం. ఇంటాయన ఒప్పుకున్నాక ప్రహరీ గోడ మీద ఎర్ర పెయింట్‌తో రాశాను: "కరెంటు కేబుల్. గోడ నుంచి 4 అడుగులు. లోతు రెండున్నర."