పగులు మొన దగ్గర ఎక్స్‌ఫెమ్ కోడ్ ఎక్కడ తప్పుతుంది

మామూలు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వస్తువుని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి (ఆ అల్లికే మెష్, ముక్కల మూలలు నోడ్లు) లెక్కకడుతుంది. అందులో పగులు ఎలిమెంట్ల అంచుల వెంబడే పోవాలి, మధ్యలోంచి పోవడానికి లేదు. పగులు కాస్త ముందుకు జరిగినా మెష్ మళ్ళీ వెయ్యాల్సిందే. 1999లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో బెలిచ్కో బృందం ఈ తలనొప్పికి మందు కనిపెట్టింది. మెష్ జోలికి పోకుండా, పగులు తగిలే నోడ్లకి మాత్రం అదనపు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో తేల్చాల్సిన తెలియని అంకెలు) తగిలించారు. అదే ఎక్స్‌ఫెమ్, అంటే ఎక్స్‌టెండెడ్ ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్. సిద్ధాంతం రెండు పేజీల్లో అయిపోతుంది. కోడ్ రాసేటప్పుడు ప్రాణం తీసేది పద్దు: ఏ నోడ్‌కి ఏది అదనం, ఏ ఎలిమెంట్‌ని ఎలా ఇంటిగ్రేట్ చెయ్యాలి.

ద్విమితీయ సమస్యలో మామూలు నోడ్‌కి 2 డిగ్రీలు. ఒక నోడ్ చుట్టూ ఉన్న ఎలిమెంట్లన్నీ కలిపి దాని సపోర్ట్. పగులు దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి కోసేస్తే ఆ నోడ్‌కి హెవీసైడ్ ఫంక్షన్ (పగులుకి ఒక వైపు ఒక విలువ, రెండో వైపు మరో విలువ ఇచ్చే మెట్టు), మొత్తం 4 డిగ్రీలు. పగులు మొన ఉన్న ఎలిమెంట్ నోడ్లకి నాలుగు బ్రాంచ్ ఫంక్షన్లు (మొన దగ్గరి స్థానభ్రంశం ఆకారాన్ని పట్టేవి), కాబట్టి 10. ఒకే నోడ్ రెండు జాబితాల్లోకీ వస్తే మొన జాబితాలోనే ఉంచండి. ఇలా అదనంగా తగిలించడమే ఎన్‌రిచ్‌మెంట్. ఆ ఎన్‌రిచ్‌మెంట్ ఫంక్షన్ లోంచి ఆ నోడ్ దగ్గర దాని విలువ తీసేసి వాడితే నోడ్ దగ్గర మామూలు డిగ్రీయే అసలు స్థానభ్రంశం అవుతుంది. బౌండరీ కండిషన్లు పెట్టడం తేలిక.

ఇక మొదటి గొయ్యి. 2 మిల్లీమీటర్ల చదరపు ఎలిమెంట్ల మెష్ అనుకోండి. పగులు ఒక నోడ్ల వరసకి 0.0002 మిల్లీమీటర్లు పైన, దానికి సమాంతరంగా పోతోంది. పగులుకి పైనున్న తర్వాతి వరసలో ఒక నోడ్‌ని చూడండి. దాని సపోర్ట్ ఎత్తు 4 మిల్లీమీటర్లు. పగులుకి కింద మిగిలింది 0.0002 మిల్లీమీటర్ల పట్టీ, అంటే 20 వేలలో ఒక వంతు. పైగా ఆ పట్టీలో ఈ నోడ్ షేప్ ఫంక్షన్ (నోడ్ దగ్గర 1, పక్క నోడ్ల దగ్గర 0 అయ్యే ఫంక్షన్) విలువ 0.0001 దాటదు. నోడ్ దగ్గరి విలువ తీసేశాం గనక హెవీసైడ్ డిగ్రీ పనిచేసేది ఆ పట్టీలోనే, కాబట్టి స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్‌లో (బలాన్నీ స్థానభ్రంశాన్నీ కలిపే సమీకరణాల పట్టిక) దాని వరస దాదాపు సున్నా. సాల్వర్ 'సింగ్యులర్' అని మూలుగుతుంది, లేదా ఇంకా ఘోరంగా, నోరు మూసుకుని చెత్త అంకెలు ఇస్తుంది. రెండు వైపుల వైశాల్యాల్లో చిన్నది మొత్తం సపోర్ట్‌లో 10 వేలలో ఒక వంతు కంటే తక్కువైతే ఆ నోడ్‌ని ఎన్‌రిచ్ చెయ్యకండి. పగులు సరిగ్గా నోడ్ల మీదుగానే పోతే లెవెల్ సెట్ విలువ (పగులు నుంచి దూరం, ఒక వైపు ప్లస్, రెండో వైపు మైనస్) సున్నా వచ్చి ఏ వైపో తేలదు. దాన్ని ఏదో ఒక వైపుకి లెక్కకట్టే నియమం కోడ్‌లో ముందే ఉండాలి.

రెండో గొయ్యి గాస్ పాయింట్లు, అంటే ఇంటిగ్రేషన్ కోసం ఎలిమెంట్ లోపల విలువలు తీసుకునే బిందువులు. అదే 2 మిల్లీమీటర్ల ఎలిమెంట్‌లో 2×2 పాయింట్లు అంచు నుంచి 0.42 మిల్లీమీటర్ల లోపల ఉంటాయి. పగులు కింది అంచుకి 0.3 మిల్లీమీటర్ల పైన పోతే నాలుగూ ఒకే వైపు పడతాయి. ఆ ఎలిమెంట్ తెగిందన్న సంగతి ఇంటిగ్రేషన్‌కి తెలియనే తెలియదు. తెగిన ఎలిమెంట్‌ని పగులు గీత వెంట త్రిభుజాలుగా విడగొట్టాలి. చదరపు ఎలిమెంట్లయితే త్రిభుజానికి 3 పాయింట్లు చాలు. మొన ఉన్నచోట చాలవు, 13 పెట్టండి. తెగకపోయినా బ్రాంచ్ నోడ్ తగిలిన ఎలిమెంట్లకి 6×6 ఇవ్వండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

మొన దగ్గర తీటా కోణం (మొన నుంచి ఆర్ దూరంలో ఉన్న బిందువు పగులు దిశతో చేసే కోణం) ఇంకో చిక్కు. నాలుగు బ్రాంచ్ ఫంక్షన్లలో తెగుడు చూపించేది ఒక్కటే: రూట్ ఆర్ సైన్ తీటా బై 2. ఆ తెగుడు మొన నుంచి వెనక్కి తిన్నగా పోతుంది. పగులు వంకర తిరిగి ఉంటే, ఎన్‌రిచ్ చేసిన ప్రాంతం ఆ వంపు దాకా పాకితే, పగులు లేనిచోట మెటీరియల్ తెగుతుంది, ఉన్నచోట అతుక్కుంటుంది. ఎన్‌రిచ్ చేసే ప్రాంతం వ్యాసార్థాన్ని పగులు చివరి తిన్నని ముక్క పొడవు దాటనివ్వకండి. అలాగని ఒక్క ఎలిమెంట్‌కే పరిమితం చేస్తే, మెష్ సన్నం చేస్తున్నకొద్దీ ఆ ప్రాంతమూ కుంచించుకుపోయి, కన్వర్జెన్స్ రేటు (మెష్ సన్నం చేస్తే తప్పు తగ్గే వేగం) మామూలు పద్ధతి కంటే మెరుగుపడదు. స్థిరమైన వ్యాసార్థమే మేలు, కాకపోతే మ్యాట్రిక్స్ కండిషనింగ్ దెబ్బతింటుంది, అంటే సాల్వర్‌కి అంకెల ఖచ్చితత్వం తగ్గుతుంది.

కోడ్ సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష ఇది. 100 మిల్లీమీటర్ల వెడల్పు, 300 ఎత్తు పలక, ఒక అంచు నుంచి 50 మిల్లీమీటర్ల పగులు, పైనా కిందా 10 మెగాపాస్కల్ లాగుడు. జవాబు, అంటే మొన దగ్గర స్ట్రెస్ తీవ్రతని కొలిచే స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్ (పగులు తెరుచుకునే కె-వన్), సుమారు 11.2 మెగాపాస్కల్ రూట్ మీటర్ రావాలి. పాయిసన్ నిష్పత్తి 0.3 పెట్టినప్పుడు దాదాపు 10 శాతం తేడా వస్తే ముందు ఇంటరాక్షన్ ఇంటిగ్రల్ (మన ఫలితాన్ని తెలిసిన సహాయక ఫీల్డులతో కలిపి ఈ ఫ్యాక్టర్ రాబట్టే లెక్క) చివర్లో ప్లేన్ స్ట్రెస్, ప్లేన్ స్ట్రెయిన్ తారుమారయ్యాయేమో చూడండి. బాగా తక్కువ వస్తే, పై అంచుకి స్ట్రెస్ ఇవ్వకుండా సమానంగా స్థానభ్రంశం ఇచ్చారేమో చూడండి. అప్పుడు పలక వంగడానికి వీలుండదు, పగులు అంతగా తెరుచుకోదు.

పగులు పెరిగే లెక్కలో ఇంటిగ్రల్ వ్యాసార్థం రెండున్నర ఎలిమెంట్లు పెట్టుకుని, ఒక్కో అడుగు అంతకంటే కాస్త ఎక్కువ ఉంచితే మంచిది. అడుగు మరీ చిన్నదైతే వంపు ఇంటిగ్రల్ లోపల పడుతుంది, కానీ సహాయక ఫీల్డులు తిన్నని పగులుకే సరిపోతాయి. మరీ పెద్దదైతే దారి రంపపు పళ్ళలా వస్తుంది. కె-టూ (పగులు ముఖాలు ఒకదానిమీద ఒకటి జారే ఫ్యాక్టర్) గుర్తు ఒక అడుగులో ప్లస్, మరో అడుగులో మైనస్ అవుతుంటే అడుగు తగ్గించండి.

పగులు కదలని సమస్యకి ఇంత శ్రమ దండగ; బార్సూమ్ 1976లో చూపిన క్వార్టర్ పాయింట్ ఎలిమెంట్లు (అంచు మధ్య నోడ్‌ని మొన వైపు పావు వంతు దూరానికి జరిపినవి) శుభ్రంగా సరిపోతాయి. అబాకస్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అందులో పెరిగే పగులుకి బ్రాంచ్ ఫంక్షన్లు ఉండవు, పగులు ఒక్కో దెబ్బకి పూర్తి ఎలిమెంట్ దాటుతుంది, ఒక ఎలిమెంట్‌లో రెండు పగుళ్లు కలవలేవు. పగులు కొమ్మలుగా చీలే సమస్య అయితే ఫేజ్ ఫీల్డ్ (పగులుని గీతగా కాక, సన్నని పట్టీలో పరుచుకున్న దెబ్బగా చూసే పద్ధతి) వైపు వెళ్ళండి.