టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ లైసెన్స్‌: కోర్సు కొనే ముందు చూడాల్సినవి, నా ప్రిపరేషన్ సంగతులు

డల్లాస్ చుట్టుపక్కల ఏ తెలుగు వాట్సాప్ గ్రూపు చూసినా ఈ ప్రశ్న తరచూ కనిపిస్తుంది. "రియల్ ఎస్టేట్ ఏజెంట్ లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నాను, ఏ కోర్సు మంచిది?" కింద వరసగా జవాబులు వచ్చి పడతాయి. వాటిలో సగానికి పైగా డిస్కౌంట్ కోడ్‌లే. ఆ కోడ్ వాడితే చెప్పినవాళ్లకి కూడా ఎంతో కొంత ముడుతుందని గుర్తుపెట్టుకుని చదవండి. నేను ఫ్రిస్కోలో ఉంటాను. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చాక దొరికే టైములోనే చదివి పరీక్ష పాసయ్యాను. అప్పుడు నాకు ఎవరైనా చెప్పుంటే బాగుండేదనిపించినవి ఇక్కడ రాస్తున్నాను.

కోర్సు కన్నా ముందు ఒక మాట. మీరు హెచ్1బీ మీద ఉంటే, ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్‌లో ఇళ్లు చూపించి కమీషన్ తీసుకోవచ్చనుకుంటే ఆగండి. ఆ వీసా మీకు స్పాన్సర్ చేసిన కంపెనీలో పని చేయడానికే. ఏజెంట్ కమీషన్ అంటే బయటి సంపాదన. డబ్బు కట్టే ముందే మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడుకోండి. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే పని అనుమతి) ఉన్నవాళ్లకీ, గ్రీన్‌కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకీ ఈ తలనొప్పి లేదు. నాది ఈఏడీయే.

ఇక కోర్సు. లైసెన్సులిచ్చే సంస్థ టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్, అందరూ ట్రెక్ అంటారు. సేల్స్ ఏజెంట్ కావాలంటే 180 గంటలు చదవాలని నిర్ణయించింది వాళ్లే. 30 గంటల చొప్పున ఆరు సబ్జెక్టులు: ప్రిన్సిపుల్స్ మొదటి భాగం, రెండో భాగం, లా ఆఫ్ ఏజెన్సీ, లా ఆఫ్ కాంట్రాక్ట్స్, ప్రామల్గేటెడ్ కాంట్రాక్ట్ ఫారాలు (ఏజెంట్లు వాడాలని ట్రెక్ నిర్దేశించిన ఒప్పంద పత్రాలు), రియల్ ఎస్టేట్ ఫైనాన్స్. మీరు ఎక్కడ చేరినా ఇవే ఆరు. "మా సిలబస్ ప్రత్యేకం" అని ఎవరైనా ఫోన్‌లో ఊదరగొడితే నవ్వి ఊరుకోండి. అందరికీ సిలబస్ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంటుంది? 180 గంటలు పూర్తయ్యాక, పరీక్ష హాల్లో కూర్చునేలోపు ఆ స్కూల్ మీతో ఎన్ని ప్రశ్నలు చేయిస్తుందనే దాంట్లో ఉంటుంది. నేను కోర్సుని ఎంచుకున్నది అది చూసే.

దీన్ని తేల్చుకోవడానికి ఎవరి రివ్యూలూ అక్కర్లేదు. ఏ స్కూల్లో చదివినవాళ్లు ఎంత శాతం పాసవుతున్నారో ట్రెక్ తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. అంత మంచి సమాచారం ఉచితంగా ఉంటే మనవాళ్లు యూట్యూబ్‌లో "టాప్ ఫైవ్ స్కూల్స్" వీడియోలు చూస్తూ కూర్చుంటారు! ఆ పట్టిక చూసేటప్పుడు శాతం పక్కనే ఎంతమంది రాశారో కూడా చూడండి. నలుగురు రాసి నలుగురూ పాసైన స్కూల్‌కీ, వేలమంది రాసే స్కూల్‌కీ శాతం ఒక్కదాన్ని బట్టి పోలిక పెట్టకూడదు. పెద్ద స్కూళ్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే మాత్రం దానికి విలువ ఇవ్వండి.

క్లాసురూమా, ఆన్‌లైనా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోండి. చాంపియన్స్ లాంటి స్కూళ్లకి డల్లాస్ వైపు తరగతి గదులున్నాయి. ఏసబుల్, సీఈ షాప్, కాప్లాన్ లాంటివి ఆన్‌లైన్‌లో బాగా నడుస్తున్నాయి. కమ్యూనిటీ కాలేజీల్లో కూడా ఈ సబ్జెక్టులు చెప్తారు కానీ సెమిస్టర్ ప్రకారం నడుస్తాయి, తొందరగా ముగించాలనుకునేవాళ్లకి కుదరదు. నేను ఆన్‌లైన్ తీసుకున్నాను. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. 30 గంటల సబ్జెక్టుని రెండు రోజుల్లో గబగబా నొక్కుకుంటూ పోవడం కుదరదు, మీరు ఎంతసేపు చదివారో లెక్క కడుతూనే ఉంటుంది. ఇంటర్‌లో బిట్ బ్యాంక్ బట్టీ కొట్టిన అలవాటుతో వెళ్తే మొదటివారమే విసుగొస్తుంది. నలుగురితో కూర్చుంటేనే చదువు ఎక్కేవాళ్లు, ఇంట్లో ఫోన్ పక్కన పెట్టలేనివాళ్లు ఖర్చు కాస్త ఎక్కువైనా క్లాసురూమ్‌కే వెళ్లండి. సగం చదివి వదిలేసిన కోర్సు కన్నా ఖరీదైన కోర్సు లేదు.

"పాస్ గ్యారంటీ" అని పెద్ద అక్షరాల్లో రాసిన ప్యాకేజీలు మీకు కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాలు చదవండి. నేను చూసిన ఒక దాంట్లో డబ్బు వెనక్కి రావాలంటే వాళ్ల ప్రాక్టీస్ టెస్టులన్నిట్లో ఇంత శాతం తెచ్చుకోవాలి, కోర్సు పూర్తయ్యాక ఇన్ని రోజుల్లోపు పరీక్ష రాయాలి, ఫెయిలైన కాగితం పంపాలి. ఆ షరతులన్నీ తీర్చగలిగినవాళ్లు ఎలాగూ పాసవుతారు.

ఇంకో ఎర, 270 గంటల ప్యాకేజీ. లైసెన్స్ వచ్చాక మొదటి రెన్యువల్‌లోపు, అంటే రెండేళ్లలో, ఇంకో 90 గంటల కోర్సులు, వాటితో పాటు 8 గంటల లీగల్ అప్‌డేట్ పూర్తి చేయాలి. దాన్ని కూడా ఇప్పుడే కొనేస్తే చవక అంటారు. నా సలహా, కొనకండి. ముందు 180 పూర్తి చేసి, పరీక్ష గట్టెక్కి, ఈ పని మీకు నచ్చిందో లేదో చూసుకోండి. ఏడాది తిరిగేసరికి వదిలేసేవాళ్లు ఈ రంగంలో తక్కువేం కాదు.

పరీక్ష పియర్సన్ వీయూఈ సెంటర్లో ఉంటుంది. నేషనల్, స్టేట్ అని రెండు భాగాలు, రెండూ విడివిడిగా పాసవ్వాలి. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ట్రెక్‌కి అప్లికేషన్ పెట్టిన ఏడాదిలోపు మూడు అవకాశాలుంటాయి. మూడూ పోతే ఒక భాగానికైతే 30 గంటలు, రెండిటికైతే 60 గంటలు మళ్లీ చదవాలి. ఆ ఏడాది గడియారం అప్లికేషన్ పెట్టిన రోజు నుంచే తిరుగుతుంది కాబట్టి, చేరిన ఉత్సాహంలో మొదటి రోజే పెట్టేయకండి. నాలుగైదు సబ్జెక్టులు అయ్యాక పెట్టి, వేలిముద్రల పని కూడా అప్పుడే చేయించుకుంటే సరిపోతుంది.

నేషనల్ భాగం గురించి ఎక్కువ రాయను. ఎస్టేట్‌ల రకాలు, డీడ్‌లు, మార్ట్‌గేజ్‌లు, అప్రైజల్, కొంచెం లెక్కలు. లెక్కలంటే భయపడకండి, మన పదో తరగతి స్థాయి కూడా కాదు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు అని అమెరికన్లు కిందామీదా పడి కంఠస్థం చేస్తుంటారు. ఎకరానికి 4,840 గజాలు అని మనం చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగినవాళ్లమే. గజానికి 9 చదరపు అడుగులు, గుణించి చూసుకోండి.

చాలామంది దెబ్బతినేది స్టేట్ భాగంలో. దానికి కారణం మామూలే. ప్రశ్నలు తక్కువ, సంగతులు ఎక్కువ. హోమ్‌స్టెడ్, అంటే అప్పులవాళ్లు జప్తు చేయకుండా చట్టం కాపాడే సొంత ఇల్లు, స్థలం, ఊళ్లో అయితే 10 ఎకరాలు, పల్లె వైపు కుటుంబానికి 200 ఎకరాలు, ఒంటరివాళ్లకి 100. అప్పు కట్టని ఇంటికి కోర్టుకి వెళ్లకుండా జరిగే ఫోర్‌క్లోజర్ వేలం నెలలో మొదటి మంగళవారం. ట్రెక్ కమిషన్‌లో తొమ్మిదిమంది సభ్యులు, ఆరుగురు బ్రోకర్లు (ఏజెంట్లని తమ కింద పెట్టుకునే పైస్థాయి లైసెన్స్ ఉన్నవాళ్లు), ముగ్గురు మామూలు ప్రజల తరఫున. అమ్మేవాళ్ల వైపూ కొనేవాళ్ల వైపూ ఒకే బ్రోకర్ ఉంటే ఇక్కడ ఇంటర్మీడియరీ పద్ధతి. వీటికి షార్ట్‌కట్ లేదు, చేత్తో రాసుకోవాల్సిందే.

కానీ అసలు కీలకం కాంట్రాక్ట్ ఫారాల్లో ఉంది. నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. మీరు చూస్తున్న కోర్సులో ఈ సబ్జెక్ట్ డెమో ఉంటే ముందు అదే తెరవండి. ఫారం మొత్తం ముందు పెట్టి పేరా పేరా నింపించే కోర్సు అయితే మంచిది. ఫారం గురించి వ్యాసం రాసి, చివర నాలుగు ప్రశ్నలిచ్చే కోర్సు అయితే వదిలేయండి. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను.

రీసేల్ కాంట్రాక్ట్‌లో ఎఫెక్టివ్ డేట్ (ఒప్పందం అమల్లోకి వచ్చే తేదీ) బుధవారం అనుకుందాం. ఎర్నెస్ట్ మనీ (బయానా), ఆప్షన్ ఫీజు (కొనేవాళ్లు మనసు మార్చుకుని బయటికి రాగల గడువు కోసం కట్టేది) మూడు రోజుల్లోపు ఇవ్వాలి. ఎఫెక్టివ్ డేట్ లెక్కలోకి రాదు, గురువారం ఒకటో రోజు, అంటే మూడో రోజు శనివారం. గడువు శని, ఆదివారాల్లోనో సెలవురోజునో పడితే తర్వాతి పనిరోజు దాకా జరుగుతుంది కాబట్టి సోమవారం ఇచ్చినా చెల్లుతుంది. అదే కాంట్రాక్ట్‌లో ఆప్షన్ పీరియడ్, అంటే ఆ బయటికి రాగల గడువు, పది రోజులు రాశారు. పదో రోజు కూడా శనివారమే వస్తుంది. మరి ఇది కూడా సోమవారానికి జరుగుతుందా? జరగదు. శనివారం సాయంత్రం ఐదింటికి ముగిసిపోతుంది. ఆ తర్వాత కొనేవాళ్లు ఆప్షన్ వాడుకుని బయటికి రాలేరు. ఒకే శనివారం, ఒకే కాగితం, రెండు రకాల లెక్కలు. దీన్ని వీడియోలో వింటే అర్థమైనట్టే ఉంటుంది. క్యాలెండర్ ముందు పెట్టుకుని మీరే వేళ్ల మీద లెక్కపెడితే తప్ప పరీక్షలో చేయి తిరగదు.

పాత నోట్సుతో జాగ్రత్త కూడా ఇక్కడే. గ్రూపుల్లో తిరిగే కొన్ని పీడీఎఫ్‌లలో ఆప్షన్ ఫీజు నేరుగా అమ్మేవాళ్లకి ఇవ్వాలని ఉంటుంది. ఒకప్పుడు అలాగే ఉండేది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఫారాల్లో అది కూడా ఎస్క్రో ఏజెంట్‌కే, అంటే టైటిల్ కంపెనీకే వెళ్తుంది. అలాగే 2024 ఆగస్టు 17 నుంచి, జాతీయ రియల్టర్ల సంఘం కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, ఎంఎల్‌ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ల వివరాలు పంచుకునే జాబితాలో) పనిచేసే ఏజెంట్ కొనేవాళ్లకి ఇల్లు చూపించే ముందే వాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. కోర్సు అమ్మేవాళ్లకి ఫోన్ చేసినప్పుడు ఈ రెండూ మీ పాఠాల్లో ఎలా ఉన్నాయని అడగండి. తడబడితే మెటీరియల్ ఎంత పాతదో మీకే తెలిసిపోతుంది.

ఫెయిర్ హౌసింగ్, అంటే ఇళ్ల విషయంలో వివక్ష చూపకూడదనే చట్టం, ఆ పాఠం మనవాళ్లు ప్రత్యేకంగా చదవాలి. 1968 చట్టంలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం. 1974లో స్త్రీ పురుష భేదం చేరింది. 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం చేరాయి. సంవత్సరాలు గుర్తుపెట్టుకోవడం తేలికే. కష్టం ఎక్కడంటే, రేపు మీకు వచ్చే మొదటి ఫోన్ ఇలా ఉంటుంది: "అక్కా, మనవాళ్లు ఎక్కువ ఉండే కమ్యూనిటీలోనే చూపించు." మీరు మంచి మనసుతోనే, అడిగారు కదా అని, ఆ లెక్కన ఇళ్లు ఏరి చూపిస్తే దాన్ని స్టీరింగ్ అంటారు, చట్ట ప్రకారం తప్పు. ధర, గదులు, ప్రయాణ దూరం లాంటివాటిని బట్టి వెతకాలి, ఎవరుంటారన్నది వాళ్లే వెళ్లి చూసుకోవాలి. తూర్పు ముఖం ఇల్లే కావాలంటే మాత్రం నిశ్చింతగా వెతికిపెట్టొచ్చు, అది ఇంటి సంగతి, మనుషుల సంగతి కాదు. పరీక్షలో పేర్లు వేరే ఉంటాయి, తిరకాసు ఇదే. "మా ఫ్రెండ్‌ని పంపిస్తాను, నాకేమిస్తావ్?" అనే ఫోన్ కూడా వస్తుంది. లైసెన్స్ లేనివాళ్లకి రెఫరల్ కింద డబ్బివ్వకూడదు. 50 డాలర్లకి మించని వస్తువేదైనా బహుమతిగా ఇవ్వొచ్చు, అంతే.

తెలుగులో చెప్పే వీడియోలు చూడొచ్చా అని అడుగుతున్నారు. చూడండి, ఏజెన్సీ, ఈజ్‌మెంట్ (ఇంకొకరి స్థలాన్ని దారి లాంటి అవసరానికి వాడుకునే హక్కు) లాంటివి మన భాషలో వింటే బుర్రకి ఎక్కుతాయి. పదాలు మాత్రం ఇంగ్లీషులోనే నోటికి రావాలి, ప్రశ్నపత్రంలో కనిపించేవి అవే. ఆఖరి రెండు వారాలు నేను పాఠాలు పూర్తిగా పక్కన పెట్టి ప్రశ్నలే చేశాను. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన అది ఏ సబ్జెక్ట్‌దో రాసుకుంటూ పోతే, ఎక్కడ బలహీనంగా ఉన్నామో ఆ కాగితమే చెప్తుంది. నాకు ఫైనాన్స్ అనుకున్నాను, తీరా చూస్తే లా ఆఫ్ ఏజెన్సీ.

పాసైన వెంటనే ఇళ్లు అమ్మేయొచ్చనుకోకండి. స్పాన్సర్ చేసే బ్రోకర్ దొరికేదాకా లైసెన్స్ ఇన్‌యాక్టివ్‌గానే ఉంటుంది. ఆ పైన అసోసియేషన్ సభ్యత్వం, ఎంఎల్‌ఎస్ ఫీజులు, తాళం పెట్టెలు తెరిచే యాప్, అన్నీ మీ జేబులోంచే. కోర్సు ఫీజులో వంద డాలర్లు మిగుల్చుకోవడానికి తంటాలు పడేవాళ్లు ముందు ఈ ఖర్చుల జాబితా రాసుకోవాలి. కొన్ని బ్రోకరేజీలు "మా దగ్గర చేరితే కోర్సు ఉచితం" అంటాయి. చెడ్డ ఆఫరేం కాదు, చేతిలో డబ్బు లేనివాళ్లకి మరీను. కాకపోతే వాళ్లు ఇప్పించే కోర్సు ఎవరిదో అడిగి, పైన చెప్పిన ట్రెక్ పట్టికలో దాని శాతం చూడండి. ఎన్నాళ్లు వాళ్లతోనే ఉండాలి, కమీషన్‌లో స్ప్లిట్ (ఎవరి వాటా) ఎంత, మధ్యలో వెళ్లిపోతే కోర్సు డబ్బు తిరిగి కట్టాలా అన్నవి సంతకం పెట్టే ముందే కాగితం మీద రాయించుకోండి.