పాపం కార్టిసాల్

పొద్దున్నుంచీ ఒకటే చిరాకు. చిన్నది నా మొహం చూసి పుస్తకాలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన మామూలే, అడగరు. అత్తయ్య మాత్రం "మళ్ళీ మీటింగు పెట్టారా?" అన్నారు. అవును, పెట్టారు.

ఐసీయూలో నైట్ డ్యూటీ దిగి, హ్యాండోవర్ ఇచ్చి, ఇక ఇంటికి పోదాం అనుకునే వేళకి అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. ఒత్తిడిని జయించడం ఎలాగో చెప్తారట. వచ్చినమ్మాయి చిన్నది, నవ్వుమొహం. మొదటి మాటే "కార్టిసాల్ మన ఒంట్లో తిరిగే విషం" అంది. కార్టిసాల్ అంటే ఒత్తిడి వేళ ఒంట్లో పెరిగే హార్మోను. ఎదురుగా కూర్చున్నది ఎవరు? రాత్రంతా సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోవడం) పేషెంటుకి హైడ్రోకార్టిసోన్ ఎక్కించి వచ్చినవాళ్ళం. బీపీ ఎంతకీ నిలవకపోతే రోజుకి 200 మిల్లీగ్రాములు ఇస్తాం. హైడ్రోకార్టిసోన్ అంటే మందుగా ఇచ్చే కార్టిసాలే, వయల్‌లో ఉన్నా ఒంట్లో ఉన్నా అది ఒకటే పదార్థం. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న ఆ గ్రంథులు అది తయారుచేయడం మానేస్తే, బయటనుంచి ఇవ్వకపోతే మనిషి బతకడు. అలాంటిదాన్ని పట్టుకుని విషం అంటే ఎలా?

తర్వాత కళ్ళు మూసుకుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చమంది. నా పక్కనున్న పిల్ల రెండో అంకెకే నిద్రపోయింది, తల నా భుజం మీద పడింది. లేపబుద్ధి కాలేదు.

ఆపైన ఒక ఫారం. "గత నెల రోజుల్లో, అనుకోకుండా జరిగినదాని వల్ల ఎంత తరచుగా కలత చెందారు?" సున్నా నుంచి నాలుగు దాకా ఏదో ఒకటి టిక్కు పెట్టాలి. ఐసీయూలో అనుకున్నట్టు జరిగేది ఏముంది గనక! ఆ ప్రశ్నలు 1983లో షెల్డన్ కోహెన్ అనే మనస్తత్వవేత్త వాళ్ళు తయారుచేసినవి, ప్రపంచమంతా వాడుతున్నారు, వాటిని తప్పుబట్టను. నా గోలల్లా ఇప్పుడా అడగడం అని. అడగాల్సినప్పుడు అడిగిన నాథుడు లేడు.

2020లో కోవిడ్ పేషెంట్లని ఊపిరి బాగా అందడానికి బోర్లా తిప్పేవాళ్ళం కదా. వెంటిలేటర్ మీదున్న మనిషిని తిప్పాలంటే అయిదారుగురు కావాలి. తల దగ్గర నిలబడ్డవాళ్ళ చేతిలోనే ఊపిరి ట్యూబు, అంకెలు చెప్పేదీ వాళ్ళే. మా దగ్గర ఆ చోటు ఎప్పుడూ ఇన్‌చార్జ్ సిస్టర్‌ది. కిట్లలో ఎవరు ఎవరో తెలియదు, వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్ళం. షీల్డు లోపల ఆవిరి పట్టేసి సగం కనపడేది కాదు, ఆమె గొంతే ఆధారం. "ఒకటి, రెండు, మూడు, తిప్పండి." ఒక రాత్రి బాగా బరువున్న పేషెంటు. తిప్పుతుండగా సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, పడిపోయింది, మానిటర్ అరుస్తోంది. ఆమె గొంతు మాత్రం మారలేదు. ట్యూబు ఎక్కడిదక్కడే ఉందో లేదో చూసింది, తల సర్దింది, దిండు పెట్టింది. అంకె మళ్ళీ మెల్లగా ఎక్కింది. అరగంట తర్వాత కిట్లు విప్పే డాఫింగ్ గదిలో ఆమె గౌను ముడి విప్పుకోలేకపోయింది. వేళ్ళు వణికిపోతున్నాయి. నేను విప్పుతుంటే "ఇప్పుడు వచ్చిందే అమ్మాయ్, ఇంతసేపూ ఎక్కడికి పోయిందో" అని నవ్వింది.

ఎక్కడికీ పోలేదు. అడ్రినలిన్ క్షణాల్లో పైకొస్తుంది, దాని వెనకాలే మెదడు నుంచి కబురందుకుని కార్టిసాల్ మెల్లగా పెరుగుతూ ఇరవై ముప్పై నిమిషాలకి గానీ పతాకస్థాయికి చేరదు. ట్యూబు పట్టుకున్నంతసేపూ ఆమెని నిలబెట్టినవాటిలో ఆ 'విషమూ' ఉంది.

ఆ జూన్‌లోనే డెక్సామెథసోన్ కబురొచ్చింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకి 6 మిల్లీగ్రాములు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయన్నారు. మా మందుల అరలో ఎప్పట్నుంచో పడి ఉన్న చవక మందు. అదీ కార్టిసాల్‌కి చుట్టమే, కాకపోతే చాలా ఘాటైన చుట్టం. "వాళ్ళకి బయటనుంచి, మనకి లోపలనుంచి" అనేవారు సిస్టర్.

ఇంత తిట్టాను గానీ, ఇక్కడిదాకా రాశాక ఆ అమ్మాయి చూపించిన ఒక కార్టిసాల్ బొమ్మ గుర్తొస్తోంది. ఒక గీత పైకెళ్ళి దిగింది, ఇంకో గీత పైకెళ్ళి అక్కడే ఉండిపోయింది. పెరగడం కాదు, దిగకపోవడమే ఒంటిని అరగదీస్తుందని చెప్పింది. అది మాత్రం నిజం. ఒత్తిడి హార్మోన్ల మీద పరిశోధన చేసిన బ్రూస్ మెక్‌యూవెన్ జీవితమంతా చెప్పిందీ దాదాపు అదే. చిరాకులో నేను ఆ ముక్క సరిగ్గా వినలేదు.

పైగా నాకు దెబ్బ తగిలింది 2020లో కాదు. అప్పుడు పరిగెత్తాను. బెడ్లు ఖాళీ అయ్యాకే కూలబడ్డాను. ఏడుపు లేదు, కోపం లేదు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని భర్త గురించి అడుగుతుంటే, నేను ఆవిడ భుజం మీదుగా ఇన్ఫ్యూజన్ పంపులో ఇంకెంత మందు మిగిలిందో చూస్తున్నాను. ఆ నెలల్లో ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయలేదు, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నా కార్టిసాల్ కొలిస్తే ఎక్కువే వచ్చేదని నమ్మకం లేదు. మనసు దెబ్బతిని చాలాకాలమైన వాళ్ళలో కొందరికి అది తక్కువగానూ ఉంటుంది. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనక, కుదుళ్ళ దగ్గర్నుంచి మూడు సెంటీమీటర్లు కోసి మూడు నెలల కార్టిసాల్ లెక్క తీస్తారు. మహమ్మారి కాలంలో ఆసుపత్రి సిబ్బందికీ తీశారు. కానీ జుట్టు చెప్పే లెక్కా మనిషి నోటితో చెప్పేదీ చాలాసార్లు కలవవు. ఆ రకంగా చూస్తే మనిషినే అడిగే ఆ ఫారమే నయం. పొద్దున దాన్ని మడిచి బ్యాగులో కుక్కేశాను, రేపు నింపి ఇస్తాను.

అలాగని చిరాకు పోయిందనుకోకండి. అది ఫారం మీంచి రోస్టర్ (డ్యూటీల పట్టిక) మీదికి మారింది. బర్నౌట్ (పనిలో పూర్తిగా అలిసి వట్టిపోవడం) జబ్బు కాదు, పనిచోట చాలాకాలంగా పేరుకున్న ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోవడం వల్ల వచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో రాసింది. పనిచోట పుట్టినదానికి నేనొక్కదాన్నీ కళ్ళు మూసుకుని గాలి పీలిస్తే సరిపోతుందా? కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది, తెల్లవారుజాము నుంచి పెరుగుతుంది, లేచిన అరగంటకి ఇంకాస్త ఎగబాకుతుంది. మేం అది అడుగున ఉన్నప్పుడు డోసులు లెక్కకట్టి, పైకొచ్చే వేళకి కర్టెన్లు మూసి పడుకుంటాం. నాలుగు నైట్లు అలా చేయించి, ఒక్క ఆఫ్ ఇచ్చి మార్నింగ్‌కి రమ్మంటే ఏ గీత దిగుతుంది?

"ప్రశ్నలేమైనా ఉన్నాయా" అంటే అదే అడిగాను. "రోస్టర్ నా పరిధిలోకి రాదు మేడం" అంది. పాపం, నిజంగానే రాదు. వెనక వరుసలో కూర్చున్న ఆఫీసాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన పరిధిలోకి వస్తుంది.

అన్నట్టు, ఏడో బెడ్ ఆయనకి నిన్న రాత్రి ట్యూబు తీశాం. గొంతు బొంగురుగా "టైమెంత?" అన్నాడు. చెప్పాను. బాగుంది.

నైట్ల తర్వాత కనీసం రెండు ఆఫ్‌లు కావాలని లెటర్ రాస్తున్నాం. నైట్ వాళ్ళంతా సంతకం పెడతామన్నారు. డే వాళ్ళు ఇంకా చూద్దాం అంటున్నారు, ఆ ఆఫ్‌లు తమ లెక్కలోంచి పోతాయని వాళ్ళ భయం. వాళ్ళనీ ఏమనలేను.