ఫైరింగ్ పిన్ను విరిగిన తర్వాత: షార్ప్స్ రైఫిల్‌కు విడిభాగాలు సమకూర్చుకున్న నా అనుభవం

న్యూ మెక్సికో రాష్ట్రంలో రేటన్ ఊరి దగ్గర విటింగ్టన్ సెంటర్ అనే పెద్ద కాల్పుల మైదానం ఉంది. అక్కడ పాతకాలపు బ్లాక్ పౌడర్ (నల్ల తుపాకిమందు) రైఫిళ్లతో ఉక్కు బొమ్మలను కొట్టే పోటీలు జరుగుతాయి. 200 మీటర్ల దూరంలో కోళ్లు, 300 మీటర్లలో పందులు, 385 మీటర్లలో టర్కీ కోళ్లు, 500 మీటర్లలో పొట్టేళ్లు. కోళ్లను నిలబడి, ఏ ఆసరా లేకుండా కొట్టాలి. మిగిలినవాటికి నేల మీద కూర్చుని, రెండు కర్రలను కత్తెరలా నిలిపి, వాటి మీద గొట్టం ఆనించి కాల్చవచ్చు. రైఫిల్ మాత్రం 1896కు ముందునాటి అమెరికన్ నమూనా అయి ఉండాలి. తూటాలు ఒక్కొక్కటిగా చేత్తో పెట్టుకోవాలి.

నాది 1874 నమూనా షార్ప్స్. ఇటలీలో తయారైన నకలు, .45-70 తూటా వాడుతుంది. డెన్వర్ నుంచి వెళ్లి పాల్గొన్న ఒక పోటీలో, పందుల వంతు నడుస్తుండగా హామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి) పడింది కానీ తూటా పేలలేదు. ఇలాంటప్పుడు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి ఆగాలి, ఎందుకంటే ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. కాసేపాగి లివర్ దించి తూటా తీశాను. ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న మూత) మీద గుండ్రని గుంట ఉండాల్సిన చోట, అంచు దగ్గర సన్నని గాటు మాత్రమే ఉంది. హామర్ దెబ్బను ప్రైమర్‌కు చేర్చే ఫైరింగ్ పిన్ను కొన విరిగిపోయిందని అర్థమైంది.

షార్ప్స్‌లో ఇది విరగడానికి కారణం ఉంది. హామర్ ఉండేది రైఫిల్ కుడిపక్కన, ప్రైమర్ ఉండేది గొట్టానికి నడిమధ్యన. పక్కన పడిన దెబ్బను పిన్ను మధ్యకు చేరవేయాలి. తిన్నగా కాకుండా ఓరగా పనిచేసే ఉక్కు ముక్క ఏళ్ల తరబడి దెబ్బలు తింటే ఎక్కడో ఒకచోట అలసిపోతుంది.

పక్కనే ఉన్న ఒక పెద్దాయన అడగకుండానే తన పెట్టెలోంచి కొత్త పిన్ను తీసి ఇచ్చారు. ఆయనదీ 1874 షార్ప్సే, అయితే మోంటానాలోని బిగ్ టింబర్‌లో తయారైంది. ఆ పిన్ను నా బ్లాకులోకి (తూటా వెనక గొట్టాన్ని మూసే ఉక్కు దిమ్మలోకి) వెళ్లనే లేదు. అసలు షార్ప్స్ కంపెనీ 1881లోనే మూతపడింది. ఇప్పుడు తయారుచేసేవాళ్లు ఎవరి కొలతలతో వాళ్లు చేస్తున్నారు. ఇటలీ రైఫిళ్ల మరల చుట్లు మిల్లీమీటర్లలో, అమెరికావి అంగుళాల లెక్కలో ఉంటాయి. పేరు ఒకటైనంత మాత్రాన భాగాలు ఒకదానికొకటి సరిపోవు. ఆ రోజుకు నా పోటీ ముగిసింది.

విడిభాగాలు అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తే నమూనా పేరు చెప్పడం చాలలేదు. ఏ ఏడాదిది అని అడిగారు. ఇటలీ తుపాకుల మీద చిన్న చదరపు గడిలో రెండు అక్షరాలు చెక్కి ఉంటాయి. పరీక్ష జరిగిన సంవత్సరానికి అవి గుర్తు. మధ్యలో తయారీదారులు భాగాల కొలతలు మార్చి ఉంటే ఆ అక్షరాలను బట్టే తెలుస్తుంది. ఇటలీ రైఫిల్ ఉన్నవాళ్లు వాటిని ఫొటో తీసి దగ్గర ఉంచుకోవాలి.

పిన్నులు రెండు తెప్పించాను. ఇక్కడే ఈ పనిలోని అసలు సంగతి ఉంది. ఈ రైఫిళ్లకు విడిభాగం అంటే కవరు చించి బిగించేది కాదు. కొంచెం ఎక్కువ పొడవుతో వస్తుంది, దాన్ని మన రైఫిల్‌కు తగ్గట్టు మనమే సరిచేసుకోవాలి. అందుకే మైదానంలో చేసే మరమ్మతు సగానికి పైగా ఇంట్లో బల్ల మీదే పూర్తవ్వాలి. సరిచూసుకోని పిన్ను సంచిలో ఉన్నా లేనట్టే.

పిన్నును పూర్తిగా ముందుకు నొక్కినప్పుడు బ్లాకు ముఖం నుంచి దాని కొన 1.5 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా బయటికి రావాలి. ఎక్కువైతే ప్రైమర్‌కు చిల్లుపడి వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు తన్నుతుంది. తక్కువైతే తూటా పేలదు. నేను సన్నని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతిసారీ బ్లాకులో పెట్టి కాలిపర్‌తో కొలిచాను. తర్వాత కొనను అర్ధగోళంలా గుండ్రంగా చేసి, నూనెరాయి మీద గీతలన్నీ పోయేదాకా నునుపు చేశాను. గీత మిగిలిన చోటే పగులు మొదలవుతుంది. రెండు పిన్నులతోనూ కాల్చి ప్రైమర్ గుంటలు పరిశీలించాకే ఒకదాన్ని రైఫిల్‌లో ఉంచి, రెండోదాన్ని చీటీ కట్టి పెట్టెలో వేశాను.

బ్లాకు తీయడం తేలికే. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, పక్కనున్న చిన్న బొడిపెను నొక్కి పట్టి, లివర్ పిన్ను చెవిని తిప్పి బయటికి లాగితే లివరూ బ్లాకూ కలిసి కిందికి జారి చేతిలోకి వస్తాయి. కానీ అది శుభ్రంగా ఉన్నప్పటి మాట. బ్లాక్ పౌడర్ కాలాక బరువులో సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. రేటన్ లాంటి ఎత్తైన, పొడిగాలి ఉండే చోట ఆ మసి గట్టిపడి బ్లాకు కదలనివ్వదు. బలం వాడితే లివర్ దెబ్బతింటుంది. పై సందులో నాలుగు చుక్కల నీళ్లు వేసి ఒక నిమిషం ఆగితే చాలు, ఆ మసి నీటికి ఇట్టే కరుగుతుంది. నా పెట్టెలో అన్నిటికన్నా ఎక్కువ అక్కరకు వచ్చేది నీళ్ల సీసానే.

పెట్టెలో ఇంకా ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా ఖాళీ కేసును, అంటే లోహపు తొడుగును, బయటికి లాగే భాగం), లివర్ పిన్ను, గురి చూసే వెనక సైటు మరలు, ముందు సైటులో పెట్టే చిన్న బిళ్లలు, రైఫిల్ పక్కకు వాలిందేమో చూపే నీటిమట్టం గాజు గొట్టం ఉన్నాయి. బిళ్లలు గడ్డిలో పడితే దొరకవు, అందుకే అదనంగా ఉంచుతాను. మర గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్లు, ఇత్తడి పంచ్, గొట్టంలో ఇరుక్కున్న ఖాళీ కేసును ముందు నుంచి నెట్టడానికి గట్టి కడ్డీ కూడా తప్పవు.

కేసులు ఇరుక్కోవడం కొత్త సమస్య కాదు. 1876లో అమెరికా సైన్యానికీ అక్కడి మూలవాసులకూ మధ్య జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం తర్వాత, అందులో పాల్గొన్న సైనికాధికారి మేజర్ రీనో తన దళంలోని 380 కార్బైన్లలో (పొట్టి రైఫిళ్లలో) ఆరు పనికిరాకుండా పోయాయని పైవాళ్లకు రాశాడు. అప్పటి కేసులు రాగివి. ఆ తర్వాత వచ్చిన 1877 నమూనా కార్బైన్ మడమలో (భుజానికి ఆనించే వెనక భాగంలో) తొర్ర చేసి, ముక్కల కడ్డీనీ, తెగిన కేసును లాగే పనిముట్టునూ అందులో పెట్టి ఇచ్చారు. సైనికుడి దగ్గర ఉండాల్సింది అతని తుపాకిలోనే ఉండాలన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది.

హామర్‌ను నడిపే పెద్ద స్ప్రింగు ఒక్కదాన్ని మాత్రం మైదానంలో ముట్టుకోను. నొక్కిపెట్టే బిగింపు లేకుండా తీస్తే వేళ్లు తెగుతాయి. దాని బదులు అమర్చి సరిచూసిన పూర్తి లాకు (హామర్, స్ప్రింగు కలిసి ఉండే యంత్రభాగం) ఒకటి కొనడానికి డబ్బు పక్కన పెడుతున్నాను.

ఇక్కడి మన తెలుగువాళ్లకు ఒక మాట. అమెరికాలో పిన్ను, స్ప్రింగు లాంటివి పోస్టులో మామూలుగా వస్తాయి. భారతదేశంలో అలా కాదు. 1959 ఆయుధాల చట్టం ఆయుధాల భాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కిస్తుంది. అందుకే ఇండియా ప్రయాణానికి ముందు మైదానానికి తీసుకెళ్లే సంచిని సామాన్లలో కలపను. ఇంటికి వెళ్లే పెట్టె వేరు, జేబులన్నీ వెతికి చూశాకే సర్దుతాను.