అరచేతి కండలో ఆక్సిజన్ కొలవడం: నా అనుభవం

ఐసీయూలో శిక్షణకు చేరిన మొదటి నెలల్లో, మానిటర్ మీద అంకెలు బాగుంటే రోగి కూడా బాగున్నట్టే అని నేను అనుకునేదాన్ని. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌తో చేరిన ఒక పెద్దాయన విషయంలో ఆ నమ్మకం నిలవలేదు. బీపీని పెంచే నార్‌అడ్రినలిన్ మందు సాయంతో ఆయన సగటు బీపీ 65 దాటింది, వేలికి పెట్టిన క్లిప్ 97 శాతం చూపుతోంది; అయినా మోకాళ్ల చుట్టూ చర్మం ఊదారంగు మచ్చలు కట్టింది, కణజాలానికి ఆక్సిజన్ సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ పరీక్ష చేసినప్పుడల్లా ఎక్కువగానే ఉంటోంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నదనే ఆ క్లిప్ చెబుతుంది తప్ప, అది కండ దాకా చేరి వినియోగమవుతున్నదో లేదో చెప్పదు. సూది గుచ్చకుండా కణజాలంలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరాన్ని మా సీనియర్ డాక్టర్ నాకిచ్చి నేర్చుకోమన్నది ఆ రాత్రే.

రెండూ కాంతితోనే పనిచేస్తాయి కనుక మొదట నాకు తేడా తెలియలేదు. వేలి క్లిప్ వెనకున్న సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి ప్రకటించారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా పెరిగి తగ్గే ధమని రక్తాన్ని మాత్రమే అది విడదీసి చూస్తుంది. నాకిచ్చిన పరికరానికి మూలం 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పరిశీలన. సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండే సమీప పరారుణ కాంతి చర్మాన్ని దాటి లోపలికి పోగలదు; ఆక్సిజన్‌తో ఉన్న హిమోగ్లోబిన్, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ ఆ కాంతిని వేర్వేరు మోతాదుల్లో పీల్చుకుంటాయి. దీనికి నాడితో పనిలేదు. కాంతి నడిచిన దారిలోని చిన్న ధమనులు, కేశనాళికలు, సిరలు అన్నిటిలోని రక్తమూ కలిసి ఒకే శాతంగా కనిపిస్తుంది, అందులో పెద్ద వాటా సిరల రక్తానిది. కండ తనకు కావలసింది తీసుకున్నాక ఎంత మిగిలిందన్నదే ఆ అంకెలో ముఖ్యంగా కనిపిస్తుంది. ఈ ఒక్క మాట నిజంగా అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

బొటనవేలి మొదట్లో అరచేతిలో ఉబ్బెత్తుగా కనిపించే కండ మీద సెన్సర్ అతికించాలి, ఎందుకంటే అక్కడ కొవ్వు పొర పలచగా ఉంటుంది. కాంతి వెలువడే చోటికీ దాన్ని తిరిగి అందుకునే చోటికీ మధ్య ఉన్న దూరంలో సుమారు సగం లోతు వరకే పరికరం చూడగలదు కాబట్టి, చర్మం కింద నీరు చేరితే కండకు బదులు ఆ వాపునే కొలిచే ప్రమాదముంది. పెద్దాయన చేతులు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. వాపు తక్కువున్న చేతిని ఎంచుకున్నా అంకె నిలకడగా ఉండలేదు; పైనున్న దీపం వెలుతురు సెన్సర్ అంచుల్లోంచి లోపలికి పోతోందని గ్రహించి నల్లగుడ్డ కప్పాక గానీ కుదుటపడలేదు.

అప్పుడు వచ్చిన అంకె 81. నా చేతికే పెట్టుకుని చూస్తే 84. ఇంత జబ్బు మనిషికీ నాకూ ఇంత తక్కువ తేడా రావడంతో పరికరం మీదే అనుమానం కలిగింది. తప్పు పరికరానిది కాదు. సెప్సిస్‌లో కొన్ని కేశనాళికలు మూసుకుపోతాయి, రక్తం అడ్డదారిన సిరల్లోకి వెళ్లిపోతుంది, కణాలు కూడా ఆక్సిజన్‌ను సరిగా వాడుకోలేవు. వాడని ఆక్సిజన్ సిరల్లోనే మిగిలిపోయి అంకెను బాగా చూపిస్తుంది. అందుకే విశ్రాంతిలో ఉన్న అంకెను ఒక్కదాన్నే చూసి ధైర్యపడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

కండ అసలు శక్తి తెలియాలంటే కాసేపు రక్తాన్ని ఆపి వదలాలి. పైచేతికి బీపీ కఫ్ కట్టి, సిస్టాలిక్ (బీపీలో పై అంకె) కంటే 50 ఎక్కువకు బిగించి, అంకె 40 శాతానికి దిగే దాకా, లేదా మూడు నిమిషాల పాటు ఉంచి, ఒక్కసారిగా వదిలెయ్యాలి. అంకె దిగే వేగం కండ ఆక్సిజన్‌ను వాడుకునే తీరును, తిరిగి ఎక్కే వేగం సూక్ష్మనాళాలు తెరుచుకునే సత్తువను తెలుపుతాయి. మొదటిసారి నేను బీపీని ఎడతెగకుండా చూపేందుకు ధమనిలో లైన్ (సన్నని గొట్టం) ఉన్న చేతికే కఫ్ కట్టబోతే, "మేడమ్, ఆ చేతికి వద్దు, బీపీ గీత పోతుంది" అని నర్సు ఆపింది. రెండోసారి కఫ్‌ను తక్కువ బిగించాను. సిరలు మూసుకున్నాయి గానీ ధమని తెరిచే ఉంది. అరచేయి నెత్తురు నిండి ముదురు రంగుకు తిరిగింది, అంకె మాత్రం నత్తనడకన దిగింది. ఆ ఫలితాన్ని కొట్టివేశాను.

మూడోసారి సరిగా కుదిరింది. నా చేతిలో పది సెకన్లలోపే పైకెక్కి మొదటి స్థాయిని దాటిన అంకె, ఆయన చేతిలో అర నిమిషం పాటు నెమ్మదిగా పాకింది. 97 శాతం చూపే ఆ మానిటర్ పక్కనే ఈ మందగతిని కళ్లారా చూడడం నా శిక్షణలో మరువలేని ఘట్టం.

దాని ఆధారంగా మాత్రమే మందులు మార్చలేదు, మార్చకూడదు కూడా. వేలి కొసను పది సెకన్లు నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లకు మించి పడుతోందేమో చూసే పాత పద్ధతినీ ప్రతిసారీ పక్కనే నమోదు చేశాం. లాక్టేట్‌కు బదులు ఈ వేలి పరీక్షనే గురిగా పెట్టుకుని 424 మందికి చికిత్స చేసి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. 28 రోజుల్లో మరణాలు వేలి పరీక్ష వర్గంలో 34.9 శాతం, లాక్టేట్ వర్గంలో 43.4 శాతం. ఆ తేడా గణాంకపరంగా రుజువయ్యే హద్దును అందుకోలేదు, అయినా ఖర్చులేని ఒక పరీక్ష లాక్టేట్‌కు తీసిపోలేదనడానికి నాకది చాలు. పెద్దాయనలో రెండు కొలతలూ రోజురోజుకూ ఒకే దిశలో మెరుగయ్యాయి, మోకాళ్ల మచ్చలు కూడా పోయాయి.

ఐదో రోజు గొంతులోని ట్యూబు తీశాక, ఆయన మెలకువగా ఉండగా చేసిన పరీక్ష ఒక్కటే. ముందుగా వివరించి, సరేనన్నాకే కఫ్ బిగించాను. రెండు నిమిషాలు కావస్తుండగా, అంకె 52 దగ్గరున్నప్పుడు, "చెయ్యి తిమ్మిరెక్కి లాగేస్తోందమ్మా" అన్నారాయన. వెంటనే గాలి వదిలేసి, ఆయన వేళ్లు మళ్లీ వెచ్చబడే దాకా చేతిని పట్టుకుని కూర్చున్నాను. చార్టులో ఆ రోజు గడి ఖాళీగానే ఉంచాం.