బద్రీనాథ్ తప్తకుండంలో స్నానం – నా అనుభవం

బ్యాగులు ఇంకా విప్పలేదు. కోపం చల్లారితే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నా.

చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఫోన్లోనే అయిపోయింది, పైసా ఖర్చు లేదు. ట్రావెల్స్ వాళ్లు దానికి విడిగా డబ్బులడిగితే ఇవ్వకండి. జోషిమఠ్ దాటాక ఘాట్ రోడ్డులో కళ్లు మూసుకుని కూర్చున్నా. దర్శనం దివ్యంగా జరిగింది. అసలు రామాయణమంతా గుడి కింద, అలకనంద ఒడ్డున ఉన్న తప్తకుండం దగ్గరే.

గుడిలోకి వెళ్లేముందు అందులో స్నానం చేయడం ఆనవాయితీ. ఆడవాళ్లకు విడిగా చాటు ఉంది. గంధకం వాసనతో పొగలు కక్కే ఊట, నీళ్లు 45 డిగ్రీల దాకా ఉంటాయి. బయటేమో మూడు వేల మీటర్లు దాటిన ఎత్తులో ఎముకలు కొరికే చలి. మా అత్తయ్యగారికి బీపీ. అందుకని ముందు కాళ్ల మీద చెంబుతో పోసి, వేడి అలవాటయ్యాకే మెల్లగా దింపా. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. పెద్దవాళ్లను రెండు నిమిషాల్లో బయటికి తెచ్చేయండి, పుణ్యం ఏమీ తగ్గదు.

అత్తయ్యగారిని మెట్టు మీద కూర్చోబెట్టి తల తుడుస్తున్నా. మా బస్సులోనే వచ్చిన ఒకావిడ గట్టు మీద నిలబడి ఫోన్ పైకెత్తింది. వీడియో కాల్! చుట్టూ అందరం తడిబట్టలతో ఉన్నాం.

"పిన్నిగారూ, ఫోన్ లోపల పెట్టేయండి."

"మా అమ్మాయి అమెరికాలో ఉంది తల్లీ, కుండం చూస్తానంటే..."

"కుండం ఒక్కటే కాదు కదండీ కనబడేది, మేమూ కనబడుతున్నాం."

అంతే. ఆవిడ పక్కనున్న ఇంకొకావిడ, చేతిలో షాంపూ పొట్లం, అందుకుంది: "ఇంతమందిలో నిన్నే చూస్తారా? అంత అందగత్తెవా?" నీళ్లలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు నోట మాట రాలేదు. అత్తయ్యగారు కూడా "పోనీలేవే, దేవుడి దగ్గర గొడవెందుకు" అని నా చెయ్యే లాగారు.

మధ్యాహ్నం బస్సెక్కాక మేనేజర్ మైకు తీసుకున్నాడు. "కొందరు మేడమ్స్ చిన్న చిన్న విషయాలకు పెద్దవాళ్లను బాధపెడుతున్నారు, కొంచెం అడ్జస్ట్ అవ్వాలి." పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, బస్సంతా నా వైపే తిరిగింది. వాడికి నేనూ అంతే డబ్బు కట్టాను!

ఆ షాంపూ నురగ ఎక్కడికి పోతుందనుకున్నారు? అలకనందలోకి. దేవప్రయాగ దగ్గర భాగీరథితో కలిస్తే అదే గంగ. ఆవిడే హరిద్వార్‌లో సీసాలకు సీసాలు పట్టుకుని తెచ్చుకుంది. సబ్బు, షాంపూ గదిలోనే వదిలేసి రండి. నలుగురిలో స్నానం కాబట్టి ఆడవాళ్లు చుడీదార్‌తోనే దిగండి, చీర కాళ్లకు చుట్టుకుంటుంది. మార్చుకునేటప్పుడు అడ్డంగా పట్టుకోవడానికి ఒక దుప్పటి ఉంచుకోండి. రద్దీ పెరగకముందే, తెల్లవారుజామునే వెళ్లండి. ఫోన్ గది దాటి తేవద్దు. ఎవరైనా తెస్తే అడగండి, నేనైతే మళ్లీ అడుగుతా.

మా బస్సు వాట్సాప్ గ్రూపులో ఆ కాల్ స్క్రీన్‌షాట్ పెట్టారు. వెనక మా అత్తయ్యగారు తల ఆరబెట్టుకుంటూ కనిపిస్తున్నారు. తీసేయమంటే దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నారు. నేను గ్రూపులోంచి వచ్చేశా. అత్తయ్యగారు మాత్రం రాలేదు, గుడి ఫొటోలు ఇంకా రావాలట.